పగిలిందా, పగలగొట్టారా?

రాత్రి రెండు దాటింది. రేకుల కప్పు మీద ఎవరో తట్టెడు కంకర కుమ్మరించినట్టు పెద్ద చప్పుడు. నేనూ మా ఆవిడా ఒక్కసారే లేచి కూర్చున్నాం. ఫోను లైటు వేసి ఇద్దరం చూసింది ఒకే చోటు, మంచం పక్కన సీసాలో ఉన్న నీళ్ళు. పోర్ట్ బ్లెయిర్‌లో 2004 భూకంపం చూసినవాళ్ళ ఇళ్ళలో ఇది అలవాటైపోయింది. అర్ధరాత్రి ఏ చప్పుడైనా ముందు నీళ్ళు కదులుతున్నాయా అని చూస్తాం. దొంగ సంగతీ పిల్లి సంగతీ ఆ తర్వాత.

నీళ్ళు కదలడం లేదు. ఆ వేళ విమానమూ లేదు. మేముండేది లంబాలైన్‌లో, విమానాశ్రయం పక్కనే. పగలు విమానం లేచిన ప్రతిసారీ మా కిటికీ తలుపులు సన్నగా మూలుగుతాయి. ఇప్పుడు అదీ లేదు. లేచి వెతికితే బాత్‌రూమ్‌లో దొరికింది జవాబు. షవర్ దగ్గరి గాజు తలుపు లేదు. ఎనిమిది మిల్లీమీటర్ల మందం, ఆరున్నర అడుగుల ఎత్తు ఉన్న తలుపు, నేలంతా పటికబెల్లం పలుకుల్లా పరుచుకుని ఉంది. బకెట్టు ఎక్కడిదక్కడే ఉంది. కిటికీ గడియ వేసే ఉంది. సబ్బు కూడా పెట్టె లోంచి జారలేదు. గోడకున్న రెండు స్టీలు బందులు మాత్రం తమకేమీ తెలియనట్టు చెరో గాజుముక్కనూ కరుచుకుని ఉన్నాయి.

అన్నిటికంటే భయపెట్టింది ఆ కుప్ప చేస్తున్న చప్పుడు. టిక్, టిక్ మని, ఆగి ఆగి, పలుకులు ఇంకా చిట్లుతున్నాయి. పదినిమిషాలు అలాగే గుమ్మం దగ్గర నిలబడి విన్నాం.

తెల్లవారేసరికి ఇంట్లో మూడు తీర్పులు తయారయ్యాయి. విజయనగరం నుంచి వచ్చి ఉన్న మా అత్తగారు, "గృహప్రవేశానికి వచ్చినవాళ్ళంతా ఆ తలుపు దగ్గరే నిలబడి చూశారు బాబూ. నరుడి కంటికి నల్లరాయే పగులుతుంది, గాజెంత?" అన్నారు. తలుపు బిగించిన కుర్రాడికి ఫోను చేస్తే అండమాన్ హిందీలో, "ఊరికే పగిలే సరుకు కాదు సాబ్, ఎవరో ఏదో తగిలించి ఉంటారు" అన్నాడు. మా ఆవిడ ఏమీ అనలేదు. "రేపట్నించి బాత్‌రూమ్ నేనే కడుక్కుంటాలెండి" అని మాత్రం అంది. ఆ మాట వంటింటి గుమ్మంలో చీపురు పట్టుకుని నిలబడ్డ మనిషికి తగలాల్సిన చోటే తగిలింది.

ఆమెది శ్రీకాకుళం జిల్లా సముద్రపు ఒడ్డు. భర్త జంగ్లీఘాట్‌లో పడవ మీద పనికి పోతాడు. ఈ దీవుల్లో 2011 జనగణన నాటికి నూటికి పదమూడు మంది తెలుగువాళ్ళు. వాళ్ళలో చాలామంది ఉత్తరాంధ్ర తీరం నుంచి ఓడెక్కి వచ్చినవాళ్ళే. ఆమె మా ఇంట్లో రెండేళ్ళుగా పనిచేస్తోంది. ముందురోజు మధ్యాహ్నం ఆ తలుపు తుడిచింది ఆమే. "నానేటీ సెయ్యనేదు బాబూ. తుడిసినప్పుడు బాగానే ఉంది. రేతిరి దానికదే పగిలిపోనాది, నానేటి సేత్తాను?" అంది.

నేను అప్పుడు ఒక ప్రశ్న అడిగాను. "నిన్న కొంచెం గట్టిగా రుద్దావా?" కోపంగా అడగలేదు. తెలుసుకుందామనే అడిగాను. కానీ ఆమె ముఖం చూశాక అది ప్రశ్న కాదని నాకే అర్థమైంది. ఆ రోజు నుంచీ ఈ విషయం వదలకుండా నా వెంట తిరుగుతోంది.

పగలడం, పగలగొట్టడం. తెలుగులో ఈ రెండూ ఒకే ఇంట్లో పుట్టిన మాటలు. ఒకదాంట్లో వస్తువు ఒక్కటే ఉంటుంది, రెండోదాంట్లో ఒక చెయ్యి కూడా ఉంటుంది. చిన్నప్పుడు మనందరం ఈ తేడా మీదే మొదటి వాదన చేసి ఉంటాం. "అమ్మా, గ్లాసు పగిలిపోయింది" అంటే, "పగిలిపోయిందా, పగలగొట్టావా?" అని వచ్చేది జవాబు. వ్యాకరణం ఎంత గంభీరమైన విషయమో వీపు మీద పడ్డాక తెలిసేది.

పెద్దయ్యాక ఆ వాదన పోయిందనుకుంటాం. పోలేదు. నా చేతిలోంచి కప్పు జారితే "కప్పు పగిలిపోయింది" అంటాను. ఇంటికొచ్చిన చుట్టం చేతిలోంచి జారితే "పోనీలెండి, దిష్టి పోయింది" అంటాం. పనిమనిషి చేతిలోంచి జారితే "పగలగొట్టింది" అంటాం. అదే కప్పు, అదే గచ్చు, అదే ఎత్తు. క్రియ మాత్రం పడేసిన మనిషి హోదాను బట్టి మారింది. బియ్యం అయిపోతే నిండుకున్నాయంటాం. దీపం ఆరితే కొండెక్కిందంటాం. బియ్యం గురించీ దీపం గురించీ అంత జాగ్రత్తగా మాట్లాడే మనం, ఎదురుగా నిలబడ్డ మనిషి విషయంలో ఎందుకు నోరు జారతాం?

సరే, ముందు గాజు సంగతి తేల్చుకుందాం. దానికదే పగలడం అసలు సాధ్యమేనా?

సాధ్యమే. షవర్ తలుపులకు వాడేది టఫెన్డ్ గాజు. షాపువాడు దాన్ని గట్టి గాజు అంటాడు గానీ బిగించిన గాజు అంటే ఇంకా సరిగ్గా ఉంటుంది. మామూలు గాజు పలకను కొలత ప్రకారం కోసి, రంధ్రాలు పెట్టి, కొలిమిలో 620 డిగ్రీలకు అటూ ఇటూ వేడిచేస్తారు. బయటకు తీసిన క్షణంలో రెండువైపుల నుంచీ చల్లగాలి బలంగా కొడతారు. పైపొర వెంటనే గట్టిపడుతుంది, లోపల ఇంకా వేడిగానే ఉంటుంది. తర్వాత లోపలిది చల్లారుతూ ముడుచుకోబోతుంది. అప్పటికే గట్టిపడ్డ పైపొర ముడుచుకోనివ్వదు. ఈ పెనుగులాట అలాగే గడ్డకట్టిపోతుంది. ఫలితంగా గాజు పైపొర ఎప్పుడూ నొక్కుడులో ఉంటుంది, లోపలి పొర ఎప్పుడూ లాగుడులో ఉంటుంది. రెండువైపులా మందంలో దాదాపు అయిదో వంతు చొప్పున నొక్కుడు పొర, మధ్యలో లాగుడు పొర. గాజు పగలాలంటే చీలిక నోరు తెరవాలి. పైపొర నొక్కుకుని ఉంటే చీలిక నోరు తెరుచుకోదు. అందుకే చేత్తో కొట్టినా, మోచెయ్యి తగిలినా ఏమీ కాదు. ఒకసారి ఇలా బిగించాక ఆ పలకను మళ్ళీ కొయ్యడం కుదరదు, ఒక్క రంధ్రం పెట్టడం కూడా కుదరదు. ఎక్కడైనా చీలిక ఆ మధ్య పొరదాకా వెళ్ళిందంటే దాచుకున్న శక్తంతా ఒక్కసారిగా బయటకొస్తుంది. పలక మొత్తం పలుకులవుతుంది. ముక్కలు కత్తుల్లా పొడుగ్గా ఉండకుండా పటికబెల్లంలా రాలాలన్నదే దీని ఉద్దేశం. మనిషి ప్రాణం కాపాడటానికి చేసిన ఏర్పాటు అది. మేము కుప్ప దగ్గర నిలబడి విన్న టిక్, టిక్ అందులో మిగిలిన లెక్క తీరుతున్న చప్పుడు.

ఈ వింత కొత్తదేమీ కాదు. కరిగిన గాజు చుక్కను చన్నీళ్ళలో వేస్తే తోక ఉన్న నీటిబొట్టులా గడ్డకడుతుంది. తల మీద సుత్తితో కొట్టినా చెక్కు చెదరదు. తోక కొసను చిటుక్కున విరిస్తే మొత్తం దుమ్మైపోతుంది. రూపర్ట్ అనే రాకుమారుడు వీటిని ఇంగ్లండుకు తెచ్చి రెండో చార్లెస్ రాజుకు చూపించాడు. 1661లో రాయల్ సొసైటీ వాటిని పరీక్షించింది. 1665లో రాబర్ట్ హుక్ తన మైక్రోగ్రాఫియాలో వాటి గురించి రాశాడు. అంటే మా బాత్‌రూమ్ తలుపు ఒకప్పటి రాజాస్థానపు వినోదానికి పొడుగాటి వారసురాలన్నమాట.

అయితే రాత్రి రెండు గంటలకు తోక విరిచిందెవరు?

దీనికి జవాబు మెల్‌బోర్న్‌లో దొరికింది. అక్కడ 1950ల చివర్లో కట్టిన ఐసీఐ హౌస్ అనే ఎత్తయిన భవనం గోడలకు బిగించిన గాజు పలకలు, కొట్టినవాళ్ళు లేకుండానే పగలడం మొదలుపెట్టాయి. బాలంటైన్ అనే శాస్త్రజ్ఞుడు పరిశీలించి 1961లో కారణం చెప్పాడు. గాజులో నికెల్ సల్ఫైడ్ రవ్వ ఉంది. గాజు కరిగించే చోట నికెల్ ఉన్న లోహం ఏదో కాస్త కలిసి, ముడిసరుకులోనో ఇంధనంలోనో ఉన్న గంధకంతో జతకడితే ఆ రవ్వ పుడుతుంది. చాలాసార్లు మిల్లీమీటరులో పదోవంతు ఉంటుంది, అంతే. ఈ రవ్వకు రెండు రూపాలు. దాదాపు 380 డిగ్రీల పైన ఒకటి, ఆ కింద ఇంకొకటి. నెమ్మదిగా చల్లారితే రూపం మార్చుకునేది. గాజును బిగించేటప్పుడు అంత తీరిక దానికి దొరకదు, వేడి రూపంలోనే ఇరుక్కుపోతుంది. తర్వాత మామూలు గది వేడిలో, ఎవరి ఇంట్లోనో, నెలలూ సంవత్సరాలూ తీసుకుని మారుతుంది. మారుతూ రెండు నుంచి నాలుగు శాతం ఉబ్బుతుంది. మధ్యపొరలో, ఆ లాగుడులో గనక ఉంటే, ఆ ఉబ్బు చాలు. కొన్ని కార్ఖానాల్లో పలకలను 260 నుంచి 290 డిగ్రీల వేడిలో కొన్ని గంటలు నానబెడతారు. పగిలేదేదో అక్కడే పగిలిపోవాలని. ఆ పరీక్షకు ఖర్చవుతుంది, కాబట్టి అన్ని పలకలూ ఆ దారిన రావు.

ఇదొక్కటే కారణం కాదు. బందు బిగించేటప్పుడు రబ్బరు వాషరు వెయ్యకపోతే స్టీలు నేరుగా గాజుకు ఆనుతుంది. స్క్రూ ఒక చుట్టు ఎక్కువ తిప్పితే రంధ్రం అంచున గాజు సన్నగా లేస్తుంది. టఫెన్డ్ గాజు బలహీనతంతా అంచుల్లోనే ఉంది. పలక మధ్యలో గుద్దితే ఓర్చుకునేది మూల మీద చిన్న దెబ్బను ఓర్చుకోదు. మా తలుపు చెన్నై నుంచి ఓడలో వచ్చింది. మూడు రోజుల ప్రయాణం, తర్వాత లారీ, తర్వాత మా మెట్లు. ఎక్కడ ఏ మూల ఏ గచ్చుకు తగిలిందో! పైగా మా ఊరి గాలి. వానలూ ఉప్పూ కలిసి స్టీలును కూడా తినేస్తాయి. బందు తుప్పుపట్టి ఒక వెంట్రుకవాసి కుంగితే తలుపు బరువంతా ఒక మూలకు చేరుతుంది. ఇంకో సంగతి నన్ను ఎక్కువ ఆశ్చర్యపరిచింది. గాజులో చీలిక కొసన బిగువుగా ఉన్న బంధాల్ని గాలిలోని తేమ కొరుకుతుందట. నీటి అణువు వెళ్ళి ఒక్కో బంధాన్నీ విప్పుతుంది. చీలిక కంటికి కనపడనంత నెమ్మదిగా ముందుకు పాకుతుంది. పాకి పాకి ఒక హద్దు దాటాక సెకనుకు దాదాపు ఒకటిన్నర కిలోమీటర్ల వేగం అందుకుంటుంది. మనకు వినపడేది ఆ చివరి పరుగు ఒక్కటే.

నికెల్ రవ్వ వల్లే పగిలితే గుర్తు ఒకటి ఉంటుందట. పగులు మొదలైన చోట రెండు పెద్ద ముక్కలు సీతాకోకచిలుక రెక్కల్లా అతుక్కుని ఉంటాయి, ఆ రెంటి మధ్య గీత మీద సూదిమొనంత చుక్క ఉంటుంది. ఇది తెలిసేసరికి మా తలుపు రెండు గోనెసంచుల్లో పెరటి గోడ దగ్గర ఉంది. పాత చేతి తొడుగులు వేసుకుని ఒక ఆదివారం మధ్యాహ్నమంతా ఆ సంచులు గుమ్మరించి వెతికాను. ఎండలో ఆకుపచ్చగా మెరుస్తూ ఒకదానిలాగే ఇంకోటి. చేటలో పోసి చెరిగాను కూడా. సీతాకోకచిలుక దొరకలేదు. ఊడ్చేటప్పుడే విడిపోయి ఉండొచ్చు. అసలు లేకనే పోయి ఉండొచ్చు. మా అత్తగారు వరండాలో కూర్చుని, "ముత్యాలు ఏరుతున్నావా బాబూ?" అని ఒక్క మాట అన్నారు.

ఇంతకీ పగులు ఎప్పుడు పుట్టినట్టు?

మన పాత దర్శనాలకు ఈ ప్రశ్న బాగా తెలుసు. వాళ్ళు గాజు బదులు కుండ పెట్టుకున్నారు. సాంఖ్యులు కార్యం కారణంలో ముందే ఉంటుందన్నారు. నువ్వుల్లో నూనె ఉన్నట్టు మట్టిలో కుండ ఉంది, బయటపడటమే కొత్త. న్యాయ వైశేషికులు ఒప్పుకోలేదు. ముందే ఉంటే కుమ్మరి చేసేదేమిటి, కుండ కొత్తగా మొదలైందన్నారు. పుట్టుక గురించి చెప్పిన ఈ వాదాన్ని పగులుకు పెట్టి చూస్తే ఒళ్ళు ఝల్లుమంటుంది. కొలిమిలోంచి బయటకొచ్చిన రోజే మా తలుపులో పగులు ఉందా? రెండేళ్ళు మేము స్నానం చేసింది అప్పటికే పగిలిన తలుపు పక్కనా? సాంఖ్యుడు అవునంటాడు. అలాగైతే ఆ ముందురోజు మధ్యాహ్నం తుడిచిన చెయ్యి ఏ పాపం ఎరగదు. నైయాయికుడు అలా వదలడు. రవ్వ ఉన్న ప్రతి తలుపూ పగలదు కదా, ఏదో ఒకటి కొత్తగా జరిగితేనే పగిలింది అంటాడు. ఆ ఏదో ఒకటి తుడుపు గుడ్డే ఎందుకు కాకూడదు?

నాగార్జునకొండ పేరులో ఇప్పటికీ నిలిచి ఉన్న ఆ ఆచార్యుడు ఇద్దర్నీ కూర్చోబెట్టాడు. తన మూలమధ్యమకకారిక మొదటి అధ్యాయంలోనే కారణాల్ని పరీక్షకు పెట్టాడు. ఫలితం తనలోంచి ఊడిపడిందనీ అనలేం, పరాయిదేదో వచ్చి పుట్టించిందనీ అనలేం, అలాగని కారణమే లేదనీ అనలేం. అనేకం కూడితే జరుగుతుంది. ఆ అనేకంలో ఒకదాన్ని వేలుపెట్టి చూపి ఇదే అసలుదని అనడం మన అవసరమే తప్ప వస్తువు స్వభావం కాదు. నేను బౌద్ధుణ్ణి కాను. అయినా ఆ ఆదివారం సంచుల మధ్య కూర్చున్నప్పుడు ఈయన మాట నాకు ఏ శాస్త్రజ్ఞుడి మాటకన్నా తక్కువగా అనిపించలేదు. కొలిమి, రవ్వ, ఓడ, మెట్లు, స్క్రూ, ఉప్పుగాలి, తేమ, రెండేళ్ళు, ఒక తుడుపు గుడ్డ. వీటిలో మాట్లాడగలిగింది గుడ్డ పట్టుకున్న మనిషి ఒక్కతే. నేను ప్రశ్న అడిగింది అందుకేనా? కొలిమిని అడగలేం, ఓడను అడగలేం. అడిగితే జవాబివ్వగలిగిన మనిషినే నిందిస్తాం. న్యాయం పేరుతో మనం చేసే పనుల్లో సగం బహుశా ఇంతే.

ఈ దీవుల్లో నేల కూడా బిగించిన గాజే. భారత ఫలకం మన కాళ్ళ కింద తూర్పు ఫలకం కిందికి దూరుతూ, ఎక్కడో పట్టేసి, వందల ఏళ్ళు ఒత్తిడి దాచుకుంటుంది. 2004 డిసెంబరు 26, ఆదివారం పొద్దున్న ఆరున్నర కావస్తుండగా సుమత్రా దగ్గర మొదలైన చీలిక సెకనుకు రెండు కిలోమీటర్లకు పైబడ్డ వేగంతో ఉత్తరానికి, మా దీవుల కింద నుంచి పన్నెండు పదమూడు వందల కిలోమీటర్లు పాకింది. పోర్ట్ బ్లెయిర్ దాదాపు మీటరు కుంగింది. నికోబార్ కొసన ఇందిరా పాయింట్ నాలుగు మీటర్లకు పైగా కుంగింది. సిప్పీఘాట్ దగ్గర వరి పండిన పొలాల్లోకి ఉప్పునీళ్ళు వచ్చి అక్కడే ఉండిపోయాయి. ఇప్పటికీ బస్సులోంచి కనిపిస్తాయి.

ఆ తర్వాత వారాల్లో ఏ శిబిరంలో చూసినా ఒకటే ప్రశ్న. ఎవరి పాపం? ఎవరికి వారు ఒక జవాబు చెప్పారు. ప్రతి జవాబులోనూ పాపి ఆ చెప్పినవాడి పొరుగువాడే కావడం అప్పుడు నేను గమనించాను. ఇది మా దీవుల జబ్బు కూడా కాదు. 1934 జనవరి 15న బీహారులో భూకంపం వచ్చి వేలమంది పోయినప్పుడు గాంధీజీ అంతటివాడు, అది అంటరానితనమనే పాపానికి దేవుడు వేసిన శిక్ష అన్నాడు. రవీంద్రుడు నొచ్చుకుని ప్రతివాదం రాశాడు. ప్రకృతిలో జరిగేదానికి ప్రకృతిలోనే కారణం వెతకాలి, నీతితో ముడిపెట్టకూడదన్నాడు. గాంధీజీ ఆ ప్రతివాదాన్ని తన హరిజన్ పత్రికలోనే వేసి పక్కన తన జవాబూ వేశాడు. అంటరానితనం పాపమే, అందులో సందేహం లేదు. కానీ ఆ గోడల కింద ఎంతమంది అంటరానివాళ్ళు పోయారు? శిక్ష వాళ్ళకెందుకు? ఈ ఒక్క ప్రశ్న దగ్గర నేను ఎప్పటికీ రవీంద్రుడి వైపే. దశాబ్దం తర్వాత మన గోరా, నాస్తికుడిగానే, గాంధీజీ ఆశ్రమానికి వెళ్ళి ఆయనతో చర్చలు జరిపాడు. దేవుణ్ణి అడ్డు తీసేస్తే బాధ్యత మనిషి నెత్తిన పడుతుందన్నది గోరా ఆశ. పడుతుంది నిజమే. ఏ మనిషి నెత్తిన అన్నదే ఇప్పుడు నా బాధ.

ఎందుకంటే "దానికదే" అన్న మాట ఎప్పుడూ నిర్దోషి కాదు. పొద్దున్నే పేపరు తియ్యండి. గోడ కూలి కూలీలు మృతి. లిఫ్టు తెగి ఒకరు మృతి. ఎవరు కట్టారు, ఎవరు సిమెంటు తగ్గించారు, ఎవరు సంతకం పెట్టారు? వాక్యంలో ఎవరూ ఉండరు. గోడకే కాళ్ళూ చేతులూ వచ్చినట్టు రాస్తాం. 2020 మే 7న విశాఖ శివారు ఆర్.ఆర్. వెంకటాపురంలో తెల్లవారుజామున స్టైరిన్ ఆవిరి ఊరి మీద పడి 12 మంది పోయారు. గ్యాసు లీకైంది అని చదివాం. కార్ఖానా ట్యాంకులో పదార్థం తనంతట తాను వేడెక్కింది అన్నారు. రసాయనికంగా అది అబద్ధం కాదు, స్టైరిన్‌కు ఆ గుణం ఉంది. కానీ ఆ గుణం ఉందని తెలిసీ దాన్ని చల్లగా ఉంచాల్సిన ఏర్పాటూ, కలపాల్సిన నిరోధకమూ సరిగా లేవని తర్వాత ప్రభుత్వం వేసిన కమిటీ తేల్చింది. కర్త లేని వాక్యం అక్కడ ఎవరికి ఆశ్రయం ఇచ్చింది?

మా ఊళ్ళో జైలు ఉంది కాబట్టి ఇంకొంచెం వెనక్కి వెళ్తాను. సెల్యులర్ జైలు కట్టకముందే, 1858 నుంచే ఈ దీవులు శిక్షల దీవులు. గోదావరి పైనున్న రంప కొండల్లో 1879లో జనం తిరగబడ్డారు. అడవి మీద ఆంక్షలు పెట్టారు. తాటిచెట్టు గీసుకున్నందుకు చిగురు పన్ను వేశారు. ఏళ్ళ తరబడి పేరుకున్న ఒత్తిడి అది. అణచివేశాక కొందర్ని సముద్రం దాటించి ఇక్కడ దించారు. సర్కారు లెక్కలో శాంతిని భగ్నం చేసింది ఆ కొండవాళ్ళు, అంటే "పగలగొట్టారు". చిగురు పన్ను సంగతి ఏ నేరపత్రంలోనూ ముద్దాయిగా నిలబడలేదు. బలవంతుడి చేత జరిగితే జరిగింది అంటారు, బలహీనుడి చేత జరిగితే చేశాడు అంటారు. మా వంటింట్లో కప్పుకు జరిగినదే ఇక్కడా జరిగింది, అంతే.

అలాగని అందరూ నిర్దోషులే, అంతా కారణాల కూడిక అని చేతులు దులుపుకుంటే అదీ బాగుండదు. నాగార్జునుణ్ణి అడ్డం పెట్టుకుని గుత్తేదారు తప్పించుకోకూడదు. వాషరు వెయ్యని చెయ్యి ఉంటే అది వెయ్యని చెయ్యే. వేడి పరీక్ష ఖర్చు మిగుల్చుకున్న లెక్క ఉంటే అది ఒకరి లెక్కే. నాకు కనపడుతున్నంత వరకు చెయ్యగలిగింది ఒకటుంది. ఎవరికి తెలుసుకునే వీలు ఎక్కువ ఉందో, ఎవరి దగ్గర ఆపే శక్తి ఉందో, ప్రశ్న అక్కడ మొదలుపెట్టాలి. మన ఇళ్ళలో అది అవతలి కొస నుంచి మొదలవుతుంది. నేనూ అలాగే మొదలుపెట్టాను. షాపులో తలుపు కొన్నప్పుడు భద్రతా గాజుకు మన దేశపు ప్రమాణం ఐఎస్ 2553 అని ఒకటుందని నాకు తెలియదు. ముద్ర చూడలేదు, వేడి పరీక్ష చేశారా అని అడగలేదు. ధర తగ్గిస్తాడా అని అడిగాను. అన్ని ప్రశ్నలు అడగాల్సిన రోజున అడగనివాణ్ణి, ఆ రోజు పొద్దున్న వంటింటి గుమ్మంలో మాత్రం అడిగాను.

ఇక్కడ మనిషి మనసూ గాజులాంటిదే, పైకి గట్టిగా ఉంటుంది, లోపల ఒత్తిడి ఉంటుంది అని నాలుగు వాక్యాలు రాయడం సులువు. రాయను. గాజుకు నొప్పి లేదు. మా తలుపుకు ఏమీ కాలేదు, అది ఆకారం మార్చుకుంది. నొప్పి తగిలింది చీపురు పట్టుకుని నిలబడ్డ మనిషికి.

తర్వాత ఆమెకు కూర్చోబెట్టి చెప్పాను. రవ్వ గురించీ, కొలిమి గురించీ, తేమ గురించీ నాకు చేతనైన తెలుగులో. నీ తప్పు కాదు, నేను అలా అడగడమే తప్పు అన్నాను. ఆమె అంతా విని, "నాను ఆ పొద్దే సెప్పినాను గదా బాబూ, దానికదే పగిలిపోనాదని" అంది. నిజమే. నాకు హుక్కూ బాలంటైనూ నాగార్జునుడూ చెబితే గానీ ఎక్కనిది ఆమె మొదటి నిమిషంలోనే చెప్పింది. నేను ఒక్క మనిషి మాట నమ్మడానికి మూడు ఖండాలు తిరిగొచ్చాను.

షవర్ దగ్గర ఇప్పుడు ప్లాస్టిక్ తెర ఉంది. జీతంలో ఒక్క రూపాయి తగ్గించలేదు. అయినా ఆమె ఇప్పటికీ బాత్‌రూమ్ కడగబోయే ముందు నన్ను పిలుస్తుంది. అద్దం, కమోడు, వాష్ బేసిన్, సబ్బుపెట్టె ఒక్కొక్కటీ వేలుపెట్టి చూపిస్తుంది. నేను చూసి సరే అన్నాకే నీళ్ళు పోస్తుంది.